రెండవ కూత

చెడుగుడు ఆడినవారికి చెప్పనక్కరలేదు. ఆడనివారి కొరకు చెప్పుచున్నాను. కూతకు పోవువాడు తన గీతకడ నిలిచి ఒక్క ఊపిరి నిండుగ పీల్చుకొనును. ఆ ఒక్క ఊపిరితోనే అవతలివారి బరిలో తిరిగి, అందినవానిని తాకి, మరల తన గీతకు రావలెను. నడుమ కూత తెగెనా, వాని పని సరి. ఎంతటి మొనగాడైనను అవతలి బరిలో నిలిచి రెండవ ఊపిరి తీయుటకు వీలులేదు. మరల పోదలచినచో ముందు ఇంటికి రావలెను. తనవారి నడుమ నిలువవలెను. క్రొత్త ఊపిరి నింపుకొని అప్పుడు పోవలెను. ఇప్పటి పోటీలలో కూతకు ముప్పది సెకనుల గడువు పెట్టినారు. మా చిన్ననాట గడువు లేదు. గుండెలో ఎంత గాలి యుండిన అంత గడువు.

ఈ సంచికకు వ్యాసమొకటి పంపుమని సంఘమువారు కోరినప్పుడు, ధర్మాధర్మములను గూర్చి వ్రాయుటకు నేనెంతవాడనని వెనుదీసితిని. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను ముగించి, కోరాపుట్‌లో కొంతకాలమును, రాయగడలో మిగిలిన కాలమును గుమాస్తాగా పని చేసి 2020లో విరమించితిని. నాకు చేతనైనవి రెండే: పద్దు వ్రాయుట, కూడిక సరిచూచుట. ఐనను ఆ 2020వ సంవత్సరము సంక్రాంతినాడు ఈ చేతితోనే ఒక తప్పుపద్దు వ్రాసితిని. అది కార్యాలయపు పద్దు కాదు గనుక ఏ ఆడిటరును పట్టుకొనలేదు. దానిని గూర్చియే ఈ వ్యాసము. కాని అక్కడికి చేరుటకు రెండు చలనచిత్రముల మీదుగా పోవలెను. వానికి ముందు నాగావళి ఇసుక మీదుగా పోవలెను. పాఠకులు ఓపిక పట్టుదురుగాక.

1981 నాటికి రాయగడ ఇంకను కోరాపుట్ జిల్లాలోనిదే. వేరు జిల్లా ఐనది 1992 అక్టోబరులో. ఆ రోజులలో సాయంకాలము నాగావళి ఇసుకలో మేము ఏడుగురము చెడుగుడు ఆడుచుండెడివారము. మా నాయకుడు మా మేనత్త కొడుకు, నాకు బావ, నాకంటె రెండేండ్లు పెద్ద. మిగిలిన వారిలో ఒకడు బియ్యపు మిల్లులో కాటా వేయువాడు, ఒకడు మిఠాయి దుకాణములో బూందీ దూయువాడు, ఇద్దరు రైల్వే కూలీల బిడ్డలు, ఒకడు ఏ పనియు లేనివాడు. ఓడుటలో మా జట్టుకు మంచి పేరుండెను. ఏ ఊరివారు పిలిచినను పోవుదుము, ఓడుదుము, వారు పెట్టిన భోజనము చేసి వత్తుము. గెలిచినవారికి మామీద కోపముండదు. ఓడినవారము గనుక మాకు అజీర్ణమును ఉండదు. ఓడిన జట్టువలె హాయిగా నిద్రపోవువారు లోకములో లేరని మా బావ అనెడివాడు.

ఆ యేడు చైత్రమాసమున మజ్జిగౌరమ్మ యాత్ర దినములలో మిల్లు వైపు కుర్రవాళ్ళతో ఆట పడెను. ఎన్నడును లేనిది ఆనాడు మేము చివరివరకు సరిసమానముగ వచ్చితిమి. ఆఖరి కూతకు మా బావ పోయెను. ఇద్దరిని తాకెను. ఒకడు కాలు పట్టినను ఈడ్చుకొని గీతవైపు వచ్చుచుండెను. చేయి చాచినచో గీత అందును. సరిగా అప్పుడు గుంపులోనుండి మా మేనత్త గొంతు వినబడెను. "ఒరే, నిక్కరు! నిక్కరు జారిపోతంది చూసుకోరా!" అని. ఊరంతయు నవ్వెను. వాడును నవ్వెను. కూత తెగెను. ఒక్క పాయింటుతో ఓడితిమి.

ఆ తరువాత నలువదేండ్లపాటు మా వారింట ఏ పెండ్లి జరిగినను, ఏ పురుడు జరిగినను, ఏ కర్మాంతరము ముగిసి పదిమంది అరుగుమీద చేరినను, మా బావ ఈ కథ చెప్పవలసినదే. చెప్పినకొలది గీతకును వాని వ్రేలికిని నడుమ దూరము తగ్గుచు వచ్చినది. మొదట మూరెడు. నా పెండ్లినాటికి జానెడు. వాని కూతురి పెండ్లినాటికి నాలుగు వ్రేళ్ళు. కడపటికి బియ్యపుగింజ మేర. మేనత్త జీవించియున్నంతకాలము, "నేను అరవకపోతే నువ్వు దిసమొలతో గెలిచీవోడివి" అని మధ్యలో అందుకొనెడిది. ఆ ఓటమి మా కుటుంబమునకు ఒక ఆస్తి వంటిది. దానిని పంచుకొనుటకు కోర్టుకు పోనక్కరలేదు.

2010 జూలైలో "భీమిలి కబడ్డీ జట్టు" అను చిత్రము వచ్చినది. తాతినేని సత్య దర్శకుడు, నాని కథానాయకుడు. భీమిలి అనగా భీమునిపట్టణము. మనలో చాలమంది తాతముత్తాతల ఊళ్ళకు అది పొరుగు. చెడుగుడు మీద చిత్రమట, మనవైపు ఊరట అని విని, బావయు నేనును రైలెక్కి పార్వతీపురము పోయి చూచితిమి. కథ సామాన్యమైనది. ఒక పల్లెటూరి జట్టు, ఎన్నడును గెలువనిది. జట్టులో చోటు దొరకక వెంట తిరుగు పేదయింటి కుర్రవాడొకడు. జాతరకు వచ్చిన పట్నపు పిల్లతో వానికి కలిగిన మౌనప్రేమ. పెద్ద పోటీకి పోయి, అక్కడ ఒక శిక్షకుని చేతబడి, జట్టు నిజముగ ఆడ నేర్చుకొనును. సగము చిత్రము వరకు బావ నవ్వుచునే యుండెను. "మన జట్టేరా ఇది, మనల్ని చూసే రాసినారు" అని ప్రక్కవారు వినునట్లు అనుచుండెను. కడపటి ఆటలో ఆ కుర్రవాడు జట్టును గెలిపించి ప్రాణము విడుచును. ఆ పిల్ల ఏమియు ఎరుగక మరుసటి యేటి జాతరలో వాని కొరకు వెదకును.

తిరుగు రైలులో బావ చాలసేపు మాటాడలేదు. రాయగడ స్టేషను దిగునప్పుడు మాత్రము, "ఆడు గెల్చి పోనాడు. మనం ఓడి బతికీసినాం" అనెను. అంతకంటె మంచి విమర్శ ఆ చిత్రమును గూర్చి నేను చదువలేదు.

ఈ చిత్రమునకు మూలము అరవములో 2009లో వచ్చిన "వెణ్ణిలా కబడ్డి కుళు". సుశీంద్రన్‌ అను దర్శకునికి అది మొదటి చిత్రము. విష్ణు విశాల్‌ అను నటునికిని మొదటిదే. అందులో హాస్యగాడొకడు పందెము కాచి పరోటాలు తినుచు, దుకాణదారుడు లెక్కలో తకరారు చేయగా, సరే మొదటినుండి లెక్కపెట్టుమని కూర్చుండును. ఆ ఒక్క దృశ్యముతో ఆ నటుడు సూరికి "పరోటా సూరి" అని పేరు వచ్చినది. క్రొత్తవారు, చిన్న పెట్టుబడి, తమకు తెలిసిన ఊరి ధూళి. పోగొట్టుకొనుటకు పెద్దగా ఏమియు లేనివారు తీసిన చిత్రమది. అందువలననే కాబోలు, నవ్వించి నవ్వించి చివర చంపుటకు వారికి భయము కలుగలేదు.

ఇప్పుడు నా తప్పుపద్దు సంగతి.

2020 సంక్రాంతికి మన తెలుగు కుటుంబములు కలిసికొన్నప్పుడు, నాటి జట్టును మరల దింపుదమను ఆలోచన నాదే. ఏడుగురిలో నలుగురము మిగిలియుంటిమి. మరి ముగ్గురిని సమవయస్కులను చేర్చితిమి. ఎదుట మా పిల్లల జట్టు. నాకు మోకాలు నొప్పి గనుక నేను ఆడలేదు. స్కోరు పుస్తకము పట్టి కూర్చుంటిని. సున్నముతో గీతలు గీసితిమి. మైకు పెట్టితిమి. 1981 ఆటను మైకులో వర్ణించితిని. ఈసారి గెలుపు మనదేనని కూడ అంటిని. ఎందుకంటినో నాకు తెలియదు.

ఆఖరి కూతకు బావను పంపిరి. అరువది రెండేండ్లవాడు. నాలుగు అడుగులు వేయగనే కూత తెగినది. నేను గీతకు దగ్గరగ కూర్చున్నవాడను, స్పష్టముగ వింటిని. నిర్ణేతగా నిలిచిన కుర్రవాడు వినలేదు, లేక విననట్లుండెను. బావ చేయి చాచగనే పిల్లలు ఒకని మీద ఒకడు పడిపోయిరి. వారిలో మా చిన్నవాడును ఉండెను. బావ మరల ఊపిరి తీసికొని, నడచుచు గీతకు వచ్చెను. అందరును చప్పట్లు కొట్టిరి. నేను మూడు పాయింట్లు వ్రాసితిని. కూడిక వేసితిని. మా జట్టు గెలిచినది. బావ మెడలో పూలమాల వేసిరి. చేతికి షీల్డు ఇచ్చిరి.

ఆ రాత్రి భోజనముల దగ్గర ఎవరో, "మామయ్యా, ఎనభై ఒకటి కథ చెప్పండి" అని అడిగిరి. బావ విస్తరి చూచుకొనుచు, "ఇంకేటుంది, గెల్చీసినాం కదా" అనెను. అంతటితో సరి. నెలలు గడిచినవి, సంవత్సరములు గడిచినవి. ఆ కథ వాని నోట మరల రాలేదు.

ఆ యేడు మార్చిలో కరోనా వచ్చి తలుపులు మూసినది. ఇంట ఖాళీగ కూర్చున్న దినములలో మా చిన్నవాడు సెల్లులో ఒక అరవ చిత్రము చూపెను. "వెణ్ణిలా కబడ్డి కుళు" రెండవ భాగము. 2019లో వచ్చినదట. క్రింద వచ్చు ఇంగ్లీషు అక్షరములను వాడు నాకు తెలుగులో చెప్పుచుండగా చూచితిని. దర్శకుడు వేరు, సెల్వ శేఖరన్‌. కథానాయకుడు వేరు, విక్రాంత్‌. మొదటి చిత్రములోని శిక్షకుడు కిశోర్‌, హాస్యగాడు సూరి మరల వచ్చిరి. చెడుగుడు పిచ్చిగల తండ్రి, ఆ తండ్రికి ఒక కొడుకు. ఆ తండ్రి వేషము వేసిన పశుపతి మంచి నటుడు. అతని శ్రమ కనబడుచునే యున్నది. ఐనను చిత్రము నిలువలేదు. చూచినవారు మెచ్చలేదు, నేనును మెచ్చలేదు. నవ్వు రావలసిన చోట నవ్వు వచ్చునని తీసినవారికి ముందే తెలిసియున్నట్లు తోచినది. ఏడ్పు రావలసిన చోట వాద్యము ముందుగనే ఏడ్చుచున్నది. పూర్వము ఒక ఊరిలో ఈ ఆట ఆడిరి, జనము ఆనందించిరి, కావున మరల ఆనందింతురు అను నమ్మకముతో నడిచినది.

చూచుచుండగనే నాకు చెమట పట్టినది. ఇది నా సంక్రాంతి ఆటయే గదా అనిపించినది.

బాగుగ ముగిసిన దానిని మరల మొదలుపెట్టుట తప్పా? ఇది చలనచిత్రముల వారికే గాదు, ఏటేట అదే వేదికమీద అదే నాటకము వేయు మనబోటి సంఘములకును అడుగదగిన ప్రశ్నయే. తప్పని ఒక్కమాటలో కొట్టివేయుటకు వీలులేదు. "బాహుబలి" రెండవ భాగము 2017లో వచ్చినప్పుడు మనవారు ఎంత ఆతురతతో చూచిరో తెలియును. కాని అది వేరు సంగతి. మొదటి భాగములో ప్రశ్న వేసి విడిచిరి. రెండవదానిలో జవాబు చెప్పిరి. అది ఒకే కూత, నడుమ విశ్రాంతి పెద్దది. అట్లుగాక, 2002 నాటి "మన్మథుడు" పేరును 2019లో మరల పెట్టుకొనిన చిత్రమును చూడుడు. కథానాయకుడు నాగార్జునయే. దర్శకుడు వేరు, మనుష్యులు వేరు; కథ ఒక ఫ్రెంచి చిత్రమునుండి తెచ్చినది. పాతదానినుండి వచ్చినది ముఖ్యముగ పేరు. పేరును చూచి పోయినవారు పేరును చూచియే వచ్చిరి.

ఇట్టివి మన దేశమునకే పరిమితము కావు. అమెరికాలో 1980లో "కాడీషాక్‌" అను హాస్యచిత్రమొకటి వచ్చినదని మా చిన్నవాడు చూపెను. ధనికులు గోల్ఫు ఆడుకొను మైదానమును, అక్కడ వారి సంచులు మోయు కుర్రవాళ్ళను గూర్చిన కథ. హెరాల్డ్‌ రామిస్‌ దర్శకునిగా తీసిన మొదటి చిత్రమది. రచయితలలో ఒకడైన బ్రయన్‌ డాయిల్‌ మరే చిన్ననాట నిజముగ ఆ సంచులు మోసినవాడు. నటులు కొంత తమకు తోచినట్లు చెప్పుకొనుచు పోయిరి. కథ అక్కడక్కడ త్రోవ తప్పినది. ఐనను ఇప్పటికిని జనము దానిని తలచుకొని నవ్వుదురు. 1988లో రెండవ భాగము తీసిరి. మొదటి చిత్రపు ముఖ్యనటులలో చెవీ ఛేజ్‌ ఒక్కడే తిరిగి వచ్చెను. ఖర్చు మొదటిదానికంటె చాల ఎక్కువ; రాబడి చాల తక్కువ. విచిత్రమేమనగా, దాని రచనలో రామిస్‌ చేయియు ఉన్నది. చేయి అదే ఐనంత మాత్రమున వ్రాత అదే కాదు. సంచి మోసినవాడు ఎనిమిదేండ్లనాడు వ్రాసినది తాను చూచినది. రెండవసారి వ్రాయవలసి వచ్చినది, జనము దేనికి నవ్విరో అది.

నాకు ఇక్కడనే విషయము పట్టుబడినది. మొదటి చిత్రము తీసినవారు మనుష్యులవైపు చూచి తీసిరి. రెండవది తీసినవారు చప్పట్లవైపు చూచి తీసిరి. 1981లో మేము ఆడినది ఆట. 2020లో మేము ఆడినది 1981. ఆటను ఆడవచ్చును, సంవత్సరమును ఎవడును ఆడలేడు.

ఐనచో రెండవ కూత పనికిరాదా? అట్లనుటకు మన గురజాడ అప్పారావు గారు అడ్డు వచ్చుచున్నారు. ఇక్కడికి రైలుదూరములోనున్న విజయనగరములో 1892లో "కన్యాశుల్కము" ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. జనము మెచ్చిరి. ఆయన ఊరకుండిన ఊరకుండవచ్చును. కాని పండ్రెండేండ్ల తరువాత, 1909లో, ఆ నాటకమునే పెంచి, మార్చి, చాలవరకు తిరుగవ్రాసి ప్రకటించిరి. ఇప్పుడు మనకు నోటికి వచ్చిన గిరీశము, మధురవాణి ఆ రెండవ నాటకమువారే. మొదటిదానికి వచ్చిన మెప్పునే పెట్టుబడిగా వాడుకొని ఆయన రెండవది వ్రాయలేదు. మొదటిదానిలో తనకు చాలనిది ఏదో ఆయనకు కనబడియుండవలెను. ఇంటికి తిరిగివచ్చి, పండ్రెండేండ్లు తనవారి నడుమ నిలిచి, క్రొత్త ఊపిరితో పోయినారు.

మహాభారతమునే చూడుడు. నన్నయగారు అరణ్యపర్వము నడుమ విడిచిరి. తిక్కనగారు దానిని ముట్టక విరాటపర్వమునుండి సాగించిరి. ఎఱ్ఱనగారు వచ్చి ఆ మిగిలిన భాగమును పూరించి, తన ప్రభువు పేర గాక, నన్నయగారి ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే వ్రాసిరి. పరుని కూతను తాను అందుకొనువాడు చూపవలసిన మర్యాద అది. పూర్వుని పేరు వాడుకొని తన లాభము చూచుకొనుట ఒకటి. తన శ్రమను పూర్వుని పద్దులో జమకట్టుట మరియొకటి.

జమ అన్నాను గనుక నా వృత్తి మాట ఒకటి చెప్పెదను. క్రొత్త లెడ్జరు తెరచునప్పుడు మొదటి పంక్తిలో పాత లెడ్జరు నిలువ వ్రాయుదుము. అది తప్పు కాదు, వ్రాయకున్ననే తప్పు. కాని ఆ పంక్తి క్రింద క్రొత్త రాబడి లేక, ఆ నిలువనే త్రిప్పి త్రిప్పి పేజీపేజీకి వ్రాసుకొనుచు పోవు గుమాస్తాను నేను చూచినాను. పుస్తకము నిండును, పెట్టెలో సొమ్ము ఉన్నంతయే. ఇది చెప్పునప్పుడు మన సభలు జ్ఞప్తికి వచ్చుచున్నవి. 1936 ఏప్రిలులో ఒడిస్సా రాష్ట్రమేర్పడి మనము ఈ వైపున నిలిచినది మొదలు, ప్రతి సభలోను జయపురము మహారాజా విక్రమదేవవర్మ గారిని తలచుకొందుము. తలచుకొనవలసినదే. తెలుగునను ఒడియానను పండితుడై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటేట లక్షరూపాయ లిచ్చిన దాత ఆయన. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. ఆయన 1951లో స్వర్గస్థులైరి. ఆ పంక్తి క్రింద మనము ఏమి వ్రాసితిమో సభ ముగిసి టీ త్రాగునప్పుడు ఎవరును అడుగరు. నేనును అడుగలేదు. నా పద్దులోనే మూడు దొంగ పాయింట్లున్నవి.

ఈ మాటలన్నియు మా చిన్నవానితో అన్నప్పుడు వాడు ఒప్పుకొనలేదు. "మొదటి సినిమా ఎక్కడికీ పోలేదు కదా నాన్నా? రెండోది బాగులేకపోతే చూడడం మానేస్తే సరి. మొదటిదానికి ఏం నష్టం?" అనెను. న్యాయమైన మాట. నేను ఒక దినమంతయు దానిని గూర్చి ఆలోచించితిని. చలనచిత్రము విషయములో వాడు చెప్పినది నిజము. భీమిలి జట్టు కుర్రవాడు ఎన్నిసార్లు వేసినను అట్లే నవ్వును, అట్లే గెలుచును, అట్లే పోవును. అరవములో రెండవభాగము వచ్చినంత మాత్రమున వానికి ఒక వెండ్రుకయు కదలదు. తెలుగులో దానికి రెండవ భాగము తీయలేదు, తీసినను కదలదు. కాని మా బావ కథ ఏ రీలు మీదను లేదు. అది వాని నోటిలో ఉన్నది. మేము ఇచ్చిన గెలుపు పోయి ఆ నోటిని మూసినది. మనుష్యుని విషయములో రెండవ భాగము మొదటిదానిని తాకగలదు. తాకి అవుటు చేయగలదు.

"మరి మీరెందుకు వదలివేసితిరి?" అని వానిని అడిగితిని. కోపముతోనే అడిగితిని.

"మామయ్య పడిపోతాడని భయమేసింది నాన్నా. అయినా పాయింట్లు రాసింది మీరే కదా" అనెను.

దానికి నావద్ద జవాబు లేదు. పిల్లలు చేసినది దయ. నేను చేసినదియు దయయే అనుకొంటిని. కాని దయలోను తేడా యున్నది. పడిపోవునేమోనని చేయి పట్టుకొనుట ఒకటి. ఓడినవానిని గెలిచితివని నమ్మించుట మరియొకటి. రెండవదానిలో ఆ మనుష్యునికి చూపు లేదని, చెవి లేదని, తన ఊపిరి తనకు తెలియదని మనము నిర్ణయించుచున్నాము. ఓడుట వానికి చేతనైన విద్య. నలువదేండ్లు దానిని గౌరవముగ మోసినాడు. దానిని బరువనుకొని దించితిమి.

ఈ యేడు సంఘములోని కుర్రవారు మరల పాతజట్టు ఆట పెట్టుదమనిరి. బావను ఒప్పించు పని నాకు అప్పగించిరి. నేను స్కోరు పుస్తకము చంకను పెట్టుకొని వాని ఇంటికి పోతిని. అది ఇప్పటికిని నా బీరువాలోనే యున్నది. గుమాస్తా ఏ కాగితమును పారవేయడు. బావ అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుండెను. ప్రక్కన మనుమరాలు. నేను పుస్తకము తెరచి, ఆనాటి ఆఖరి పంక్తి చూపి, "బావా, నీ కూత తెగింది. నేను విన్నాను. వినీ రాసీసినాను" అంటిని.

వాడు కన్నెత్తి చూడలేదు. ఈనె ఒకటి తీసి క్రింద వేసి, "నా కూత తెగినట్టు నాకు తెల్దేటిరా?" అనెను.

నేను జేబునుండి కలము తీసి, ఆ మూడు పాయింట్లమీద అడ్డుగీత గీసి, ప్రక్కన పొడి సంతకము చేసి తేదీ వేసితిని. కార్యాలయములో దిద్దుబాటు చేయు విధానమది. చెరుపరాదు, పాత అంకె కనబడుచునే యుండవలెను. తరువాత కూడిక తిరుగ వేసితిని. రెండు పాయింట్లతో ఓడితిమి.

బావ ఆ పుస్తకము అందుకొని చాలసేపు చూచెను. మనుమరాలు తొంగి చూచి, "తాతా, మీరు ఎప్పుడూ గెలవనేదా?" అని అడిగెను.

"ఒక్కసారి గెలవబోయినాం" అని వాడు చిక్కుడుకాయల చాట ప్రక్కకు నెట్టి సర్దుకొని కూర్చుండెను. "ఎనభై ఒకటి. మజ్జిగౌరమ్మ యాత్ర. నేను ఆఖరి కూతకెల్లినాను. ఒకడు కాలట్టుకున్నాడు. గీత ఇదిగో, ఇంత దూరంలో ఉంది" అని రెండు చేతులు చాచి చూపెను.

మూరెడు.